మాటకు తోడు మాట

నిఘంటువులో అర్థం తెలిసినంత మాత్రాన ఇంగ్లీషు మాట మన సొత్తు అవుతుందా? బీజింగులోను, భిలాయిలోను వేలాది యువతీయువకులను వేధించే ప్రశ్న ఇది.

రిసాలి భిలాయి ఉక్కు నగరంలో ఒక భాగం. సాయంకాలం వేళ ఇక్కడి వీధిలో నడిచిపోయే బాటసారికి పది అడుగులకొక భాష వినిపిస్తుంది. హిందీ, ఛత్తీస్‌గఢీ, బెంగాలీ, మలయాళం, ఒడియా; వాటి నడుమ ఉత్తరాంధ్ర యాసలో తెలుగు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడిక ఫలితంగా ఇక్కడ ఉక్కు కర్మాగారం వెలిసింది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించారు. ఆనాటి నుండి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కుటుంబాలు పని వెతుక్కుంటూ ఈ ఊరు చేరి, ఇక్కడే వేళ్ళూనుకొన్నాయి.

అట్టి కుటుంబాలలో ఒకదానిని పాఠకులు ఊహించుకోవచ్చు. తండ్రి ముప్పయ్యేళ్ళు ఫర్నేసు వద్ద పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవాడు. బడిలో చదివింది స్వల్పం. కుమారుడు ఇంజనీరింగు పట్టభద్రుడు. అమెరికా విశ్వవిద్యాలయంలో చేరడానికి జి.ఆర్.ఇ. పరీక్షకు సిద్ధపడుతున్నాడు. అతని బల్లమీద వేల మాటల జాబితా ఒకటి ఉన్నది. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం. రోజుకు యాభై చొప్పున వల్లె వేస్తున్నాడు.

"ఏట్రా అది, అలా గొణుగుతున్నావు?" అని తండ్రి అడుగుతాడు.

"ఆబ్‌డ్యురేట్ నాన్నా. మొండివాడు, కరగనివాడు అని అర్థం."

"మరి మన ఫర్నేసు మొండికేసినప్పుడు ఆ మాట అనొచ్చా?"

కుమారునికి ఏమి చెప్పాలో తోచదు. అర్థం తెలుసు. ఆ మాట ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో జాబితా చెప్పలేదు.

నిజానికి తండ్రి దగ్గర కూడా ఒక ఇంగ్లీషు పదసంపద ఉన్నది. అది ఏ పరీక్షకూ పనికిరాదు, అంతే. ఫర్నేసులో పైనుండి పోసే ముడిఖనిజం, కోక్, సున్నపురాయి అంతా కలిపి అతనికి 'బర్డెన్'. కరిగిన ఇనుము పారే కాలువ 'రన్నర్'. బకెట్టు గోడలకు అంటుకొని గడ్డకట్టిన లోహం 'స్కల్', అంటే పుర్రె. పాఠ్యపుస్తకంలోని 'లోహమలం' అతనికి 'స్లాగ్'. బర్డెన్ కిందికి దిగకుండా ఇరుక్కుపోతే 'హేంగింగ్', ఒక్కసారిగా జారిపడితే 'స్లిప్'. ఈ మాటలలో ఒక్కదాని అర్థమూ అతడు నిఘంటువులో చూడలేదు. కాని ఏ మాట పక్కన ఏ మాట నిలుస్తుందో అతనికి కలలో సైతం పొరపాటు రాదు. ప్రతి మాటా ఒక పనితో, ఒక ప్రమాదంతో, మరొక మాటతో కలిసి చెవిని పడింది.

ఇదే దృశ్యం చైనాలో మరింత పెద్ద ఎత్తున కనిపిస్తుంది. యూ మిన్‌హొంగ్ అనే పల్లెటూరి యువకుడు కళాశాల ప్రవేశ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి గట్టెక్కి, 1980లో పెకింగ్ విశ్వవిద్యాలయపు ఇంగ్లీషు శాఖలో చేరాడు. అతడే 1993లో బీజింగులో 'న్యూ ఓరియంటల్' అనే శిక్షణ సంస్థను స్థాపించాడు. విదేశీ విద్యకోసం ఇంగ్లీషు నేర్వగోరే చైనా విద్యార్థులకు అది పుణ్యక్షేత్రమైపోయింది. అతడు కూర్చిన జి.ఆర్.ఇ. పదకోశాన్ని, దాని ఎర్రని అట్టను బట్టి, విద్యార్థులు మాణిక్య గ్రంథమని పిలుచుకొన్నారు. అక్కడి పిల్లల జ్ఞాపకశక్తి ఎంతటిదంటే, పరీక్ష రాసి వచ్చినవారు ప్రశ్నలను గుర్తుపెట్టుకొని ఇతరులకు అందజేస్తున్నారని తెలిసి, 2002లో పరీక్షాధికారులు చైనా, తైవాన్, దక్షిణ కొరియాలలో కంప్యూటరు పరీక్షను నిలిపివేసి మళ్ళీ కాగితం పరీక్షకు మరలవలసి వచ్చింది. 2011లో మరొక మార్పు జరిగింది. వ్యతిరేక పదాలు చెప్పమనే ప్రశ్నలు, పదాల జంటలను పోల్చమనే ప్రశ్నలు పూర్తిగా తొలగిపోయాయి. వాటి స్థానంలో మాటను వాక్యంలో ఉంచి, సందర్భాన్ని బట్టి గుర్తించమనే ప్రశ్నలు పెరిగాయి. జాబితాను కంఠస్థం చేసినవాని కాలికింది నేల కొంత కదిలిందన్నమాట.

చైనావారికీ మనకూ ఇంగ్లీషు దూరపు చుట్టమైనా కాదు. జర్మను బాలునికి ఇంగ్లీషు మాటలలో ఎన్నో తన ఇంటి మాటలవలెనే తోస్తాయి. ఫ్రెంచి బాలునికి ఇంగ్లీషు నిఘంటువులోని పెద్ద మాటలు సగం చుట్టాలే. చైనా భాషలో క్రియకు భూతభవిష్యత్తులు లేవు. 'నిన్న', 'రేపు' అనే మాటలే కాలాన్ని చెబుతాయి. 'ఎ', 'ది' వంటి ఉపపదాలు అక్కడా లేవు, మనకూ లేవు. అతడు, ఆమె అనే మాటలను చైనీయులు వేరువేరుగా వ్రాసినా ఒకే విధంగా ఉచ్చరిస్తారు. అందుచేత ఎంతో చదివినవారు సైతం ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు 'హీ', 'షీ'లను తారుమారు చేస్తుంటారు. మన తెలుగులో 'ఆమె వచ్చింది', 'బండి వచ్చింది' అని క్రియ ఒక్కటే. దానిని విని చైనావారు నవ్వుకోవచ్చు.

అయితే వ్యాకరణపు తప్పులు సాధనతో దిద్దుకొనేవే. పైమెట్టుకు చేరినవారిని ఆపేది మరొకటి.

వాన సంగతి చూడండి. జోరుగా కురిస్తే చైనావారు 'పెద్ద వాన' అంటారు. మనమూ పెద్ద వాన అనే అంటాము. ఇంగ్లీషువాడు మాత్రం 'హెవీ' రెయిన్ అంటాడు, వాన బరువు తూచినట్లు! టీ డికాక్షను ఎక్కువైతే చైనావారికి అది చిక్కని టీ. మనకూ చిక్కని టీయే. ఇంగ్లీషువాడికి అది 'స్ట్రాంగ్' టీ, అంటే బలిష్ఠమైన టీ. ఆ లెక్కన బలమైన ఇంజను కూడా 'స్ట్రాంగ్' కావాలి కదా? కాదు, అది 'పవర్‌ఫుల్'. 'పవర్‌ఫుల్ టీ' అంటే అర్థం తెలియనివాడు ఉండడు. కాని ఇంగ్లీషువాని చెవికి అది గరుకుగా తగులుతుంది. చైనీయుడు దీపాన్ని 'తెరుస్తాడు'. అందుచేత ఇంగ్లీషులో కూడా 'ఓపెన్ ద లైట్' అంటాడు. మనవాడు లైటు 'వేస్తాడు', కనుక 'పుట్ ద లైట్' అంటాడు. మందును చైనీయుడు తింటాడు, హిందీవాడూ తింటాడు, మనం వేసుకొంటాము, ఇంగ్లీషువాడు 'తీసుకొంటాడు'. కల విషయంలో నలుగురిదీ నాలుగు దారులు: చైనీయుడు కలను చేస్తాడు, హిందీవాడు చూస్తాడు, తెలుగువాడు కంటాడు, ఇంగ్లీషువాడు కలిగి ఉంటాడు. అసూయ పుడితే చైనావాని కన్ను ఎర్రబడుతుంది. మనకు కన్ను ఎర్రబడితే అది కోపం. అసూయకు మనకు కడుపు మండుతుంది. ఇంగ్లీషువానికి అసూయ పచ్చని కళ్ళది.

ఇందులో ఏది సరి, ఏది తప్పు అని వాదించి లాభం లేదు. ఏ భాషకు ఆ భాష తన మాటలకు వియ్యం కుదుర్చుకొన్నది. అవి వ్యాకరణ సూత్రాలకు అందవు, తర్కానికి లొంగవు. జాబితాలో ఒంటరిగా నిలబడిన మాట తన చుట్టాలెవరో చెప్పదు.

ఈ సంగతిని మొదట పట్టుకొన్నది లండనులోని పండితులు కారు, టోక్యోలో ఇంగ్లీషు బోధించిన ఉపాధ్యాయులు. హెరాల్డ్ పామర్ అనే ఆంగ్లేయుడు జపాను విద్యార్థులకు కష్టమయ్యేవి విడి మాటలు కావనీ, మాటల జతలనీ గ్రహించి, 1933లో అట్టి జతలపై ఒక నివేదిక ప్రచురించాడు. ఆయన ఆరంభించిన కృషిని ఆల్బర్ట్ సిడ్నీ హార్న్‌బీ కొనసాగించాడు. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే సహచరులతో కలిసి అతడు ఒక కొత్త రకపు నిఘంటువును సిద్ధపరచాడు. ఇంగ్లీషు తల్లిభాషగా గలవారికి అక్కరలేని వివరాలన్నీ అందులో ఉన్నాయి. ఏ నామవాచకాన్ని లెక్కపెట్టవచ్చు, దేనిని లెక్కపెట్టరాదు. ఏ క్రియ తరువాత ఏ నిర్మాణం వస్తుంది. మాట వాక్యంలో ఎట్లా నడుస్తుంది. ఆంగ్లేయుడు తల్లి ఒడిలో నేర్చుకొని మరచిపోయిన సంగతులు ఇవి. ఆసియావాసికి అవే కావాలి.

ఇంతలో 1941 డిసెంబరులో జపాను యుద్ధంలోకి దిగింది. ఇంగ్లీషు శత్రువు భాష అయింది. విచిత్రమేమంటే ఆ నిఘంటువు 1942లో టోక్యోలోనే, కైతాకుషా అనే ప్రచురణ సంస్థ ద్వారా వెలువడింది. యుద్ధం ముగిశాక 1948లో ఆక్స్‌ఫర్డు ముద్రణాలయం దానిని తిరిగి అచ్చువేసింది. తరువాత పేరులో 'అడ్వాన్స్‌డ్ లెర్నర్స్' అనే మాటలు చేరాయి. భారతదేశంలో నేటికీ లక్షలాది విద్యార్థుల బల్లలమీద ఉండే లావుపాటి ఆక్స్‌ఫర్డు నిఘంటువు అదే. దానిని తెరిచేవారిలో ఎంతమందికి అది జపాను బాలుర తప్పులలోనుండి పుట్టిందని తెలుసు? మాటను దాని సహవాసాన్ని బట్టి తెలుసుకోవాలని 1957లో ప్రకటించిన భాషాశాస్త్రవేత్త ఫర్త్ కూడా యౌవనంలో కొంతకాలం లాహోరులో బోధించినవాడే. పరాయి చెవితో వింటే తప్ప సొంత భాషలోని వింతలు వినపడవు కాబోలు!

మాటల సంఖ్యను తగ్గిస్తే కష్టం తీరుతుందని భావించినవారూ ఉన్నారు. 1930లో ఆగ్డెన్ అనే పండితుడు 850 మాటలతో 'బేసిక్ ఇంగ్లీషు'ను రూపొందించాడు. అందులో క్రియలు కేవలం 18. విమర్శకుడు ఐ.ఏ. రిచర్డ్స్ దానిని చైనాలో వ్యాప్తి చేయడానికి ఏళ్ళ తరబడి శ్రమించాడు. 1937లో జపాను దండయాత్రతో ఆ ప్రయత్నం చెదిరిపోయింది. యుద్ధం రాకున్నా అందులో ఒక చిక్కు ఉండనే ఉన్నది. 'టాలరేట్' అనే ఒక్క మాటను తొలగిస్తే 'పుట్ అప్ విత్' అనే మూడు చిన్న మాటలు కావలసి వస్తాయి. పుట్ తెలుసు, అప్ తెలుసు, విత్ తెలుసు. మూడూ కలిస్తే సహించడం ఎందుకయిందో ఏ చైనీయుడూ, ఏ తెలుగువాడూ ఊహించలేడు. ఒక కుప్పలో తగ్గించిన బరువు మరొక కుప్పలో చేరింది.

పొరపాటు మాట పరీక్ష మార్కులతో పోయేదైతే ఇంత విచారం అక్కరలేదు. 'ఇన్‌ఫ్లేమబుల్' అనే మాటను తీసుకోండి. 'ఇన్' అనేది ఎన్నో మాటలలో 'కాదు' అనే అర్థాన్ని ఇస్తుంది కనుక, తెలివైన విద్యార్థి ఇది మండనిదని అనుకొంటాడు. వాస్తవానికి సులభంగా అంటుకొనేది అని దాని అర్థం. పీపాలమీద ఈ మాట చదివి పొరబడే అవకాశం ఉందనే అమెరికా అగ్నిమాపక నిపుణులు 1920ల నుండి 'ఫ్లేమబుల్' అనే పొట్టి మాటను వాడుకలోకి తెచ్చారు. 1990 జనవరి 25వ తేదీ రాత్రి, కొలంబియా దేశపు ఆవియాంకా విమానం ఒకటి న్యూయార్కుపై దిగడానికి అనుమతికోసం చాలాసేపు చక్కర్లు కొట్టింది. ఇంధనం అడుగంటుతున్నది. వైమానికులు 'ప్రయారిటీ' కావాలన్నారు; ఇంధనం అయిపోవస్తున్నదన్నారు. 'ఎమర్జెన్సీ' అనే మాటను మాత్రం అనలేదు. విమానం కూలి 73 మంది మరణించారు. ఆ రాత్రి విషాదానికి కారణాలు పెక్కు ఉన్నాయి. కాని రెండు మాటలకూ అర్థం దగ్గరదే అయినా, నేలమీది అధికారిని కుర్చీలోనుండి లేపగల బలం ఒక్కదానికే ఉన్నది. మాట బరువు అర్థాల పట్టికలో కనిపించదు.

మనవారికి ఇంతటి ప్రమాదం కాకపోయినా చిన్న చిన్న అవస్థలు తప్పవు. అమెరికా తరగతిగదిలో తెలుగు విద్యార్థి లేచి, 'సార్, ఐ హావ్ ఎ డౌట్' అంటాడు. అతని మనసులో ఉన్నది వినయంతో కూడిన సందేహం. అది విన్న ఆచార్యునికి, ఈ పిల్లవాడు నా మాట నమ్మడం లేదని స్ఫురిస్తుంది. అయితే మన ఇంగ్లీషంతా తప్పుల తడక అనుకోనక్కరలేదు. మనవారు విరివిగా వాడే 'ప్రీపోన్' అనే మాట ఆక్స్‌ఫర్డు నిఘంటువులలో చోటు సంపాదించింది. కోట్లమంది వాడితే తప్పు కూడా వాడుక అవుతుంది.

మరి ఈ గోడ దాటినవారు ఎట్లా దాటారు? చైనాలో యెన్ ఫూ అనే ఆయన ఇంగ్లండులోని గ్రీనిచ్ నౌకా విద్యాలయంలో చదివి వచ్చి, పరిణామ సిద్ధాంతంపై హక్స్లీ రచనను 1898లో చైనా భాషలోకి తెచ్చాడు. ఒక్క పరిభాషా పదాన్ని స్థిరపరచడానికి పది రోజులు, ఒక్కొక్కప్పుడు నెల రోజులు తటపటాయించానని ఆయన చెప్పుకొన్నాడు. అనువాదం చేసేవారికి ఆ నెల రోజుల రుచి తెలుస్తుంది. లిన్ యూటాంగ్ ఇంగ్లీషులో వ్రాసిన పుస్తకాలను 1930లలో అమెరికన్లు ఎగబడి చదివారు. అంతటి రచయిత జీవిత చరమభాగంలో ఏళ్ళు వెచ్చించి 1972లో చైనీస్-ఇంగ్లీషు వాడుక నిఘంటువును ప్రకటించాడు. హా జిన్ సంగతి ఇంకా ఆశ్చర్యకరం. చైనా సైన్యంలో పనిచేసిన ఆయన 1985లో పై చదువుకు అమెరికా వెళ్ళాడు. 1989 నాటి టియనాన్మెన్ దుర్ఘటన తరువాత అక్కడే ఉండిపోయాడు. ఇంగ్లీషులోనే రచన చేయడానికి నిశ్చయించుకొన్నాడు. పదేళ్ళు తిరిగేసరికి, 1999లో, ఆయన నవల 'వెయిటింగ్'కు అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం లభించింది. అందులోని వాక్యాలు చిన్నవి. పరీక్ష జాబితాలోని మాటలు వెతికినా ఎక్కువ దొరకవు.

విజయనగరం నుండి భిలాయి చేరినవారికి మరొక ఉదాహరణ ఇంటి దగ్గరే ఉన్నది. గురజాడ అప్పారావు యౌవనంలో ఇంగ్లీషు కవిగా పేరు పొందాలని 1883లో సారంగధర కథను ఇంగ్లీషు కావ్యంగా వెలువరించాడు. కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ మెచ్చుకొంటూనే, మాతృభాషలో వ్రాయమని హితవు చెప్పాడు. ఆ సలహా తెలుగువారి అదృష్టం. కాని ఇంగ్లీషు కోసం గురజాడ పడిన శ్రమ వృథా అయిందని ఆయన డైరీలు, ఉత్తరాలు చూసినవారు ఎవరూ అనరు.

కంఠస్థం చేయడమే దోషమని కొందరు నేటి విద్యావేత్తలు అంటారు. అది తొందరపాటు. వల్లె వేయడాన్ని చైనా భాషలో తెలిపే మాటకు 'వీపు' అని కూడా అర్థం. పూర్వం అక్కడి పిల్లవాడు గురువుకు వీపు తిప్పి నిలిచి పాఠం అప్పజెప్పేవాడు. మనకు నేర్చినది కంఠంలో ఉంటుంది. ఇంగ్లీషువానికి హృదయంలో ఉంటుంది. ఎక్కడ ఉన్నా, ఏమి దాచుకొన్నామన్నదే ముఖ్యం. మన తాతలు అమరకోశాన్ని వల్లె వేశారు. అక్కడ మాటలు ఒంటరిగా లేవు. శ్లోకంలో, వర్గంలో, చుట్టాల నడుమ ఉన్నాయి. పైగా ఆ మాటలే తరువాత చదివే కావ్యంలో మళ్ళీ మళ్ళీ ఎదురయ్యేవి. న్యూజిలాండుకు చెందిన పాల్ నేషన్ 2006లో చేసిన లెక్క ప్రకారం, నవలనో వార్తాపత్రికనో ఇతరుల సాయం లేకుండా చదవడానికి సుమారు 8,000 నుండి 9,000 పదకుటుంబాలు తెలియాలి. ఇన్ని మాటలను జాబితాలో నేర్చుకొని నిలుపుకోవడం మానవమాత్రునికి సాధ్యం కాదు. చదువుతూ పోతే, ఒక్కొక్క మాట పదిచోట్ల పది వేషాలలో కనిపించి, తనంతట తానే లోపల కుదురుకొంటుంది. జాబితా వల్ల ఆ మాట ముఖం గుర్తుపట్టవచ్చు. అంతకంటె ఎక్కువ ఆశించరాదు.

ఇనుమునే తీసుకొంటే, ఫర్నేసు నుండి మొదట వచ్చే ఇనుము ఇంగ్లీషువానికి 'పిగ్ ఐరన్', పంది ఇనుము. పూర్వం కరిగిన లోహాన్ని ఇసుకలో చేసిన పెద్ద కాలువనుండి చిన్న గుంటలలోకి పారించేవారు. అది చూడడానికి తల్లిపందికి వరుసగా పట్టిన పిల్లలవలె ఉండేది. చైనీయులు దానిని పచ్చి ఇనుము అంటారు, హిందీవారు కచ్చా లోహా అంటారు. సాగగొట్టిన ఇనుము చైనావారికి వండిన ఇనుము. తెలుగులో పాఠ్యపుస్తకాలు వ్రాసినవారు పంది జోలికి పోక 'దుక్క ఇనుము' అన్నారు. వారికి నమస్కరించవలసిందే.

రిసాలిలోని ఆ ఊహా గృహంలో కుమారుడు చివరకు జాబితాను పక్కకు నెట్టి, హార్న్‌బీ వంశానికి చెందిన లావుపాటి నిఘంటువును తెరిచాడని అనుకొందాము. ఆబ్‌డ్యురేట్ అనే మాట మనుషులకు, వారి మనసులకు, వారి మౌనానికి చెల్లుతుంది. యంత్రానికి అన్వయిస్తే వాక్యం ఎగతాళిగా తోస్తుంది. దాని మూలం లాటిన్‌లో గట్టిపడడం. గడ్డకట్టిన ఇనుము చుట్టే తిరిగి వచ్చింది మాట.

"ఫర్నేసుకు ఆ మాట చెల్లదు నాన్నా, మనుషులకే" అంటాడు.

"మరి ఫర్నేసు మొండికేస్తే మేం 'హేంగింగ్' అంటాం కదరా."

కుమారుడు నోటుపుస్తకం తెరిచి, అర్థం కోసం గీసిన గీతను కొట్టివేసి, పేజీ అడ్డంగా వాక్యం వ్రాసుకోవడానికి సిద్ధపడతాడు.

"హేంగింగ్ అయితే ఏం చేస్తారు నాన్నా?"

"గాలి తగ్గిస్తాం. అప్పుడు బర్డెన్ స్లిప్ అవుతుంది. ఆ వేళకి అక్కడ ఎవడూ నిలబడకూడదు, తెలిసిందా?"